మావయ్య పేరు మీద బండి

గణపవరం,
4 మార్చి 2025.

మావయ్యకి,

దుర్గాశ్రీ నమస్కారాలు. నా ఉత్తరం చూసి కంగారు పడకండి, అందరం బాగానే ఉన్నాం. అత్తయ్యకి ఫోన్ చేసి పావుగంట మాట్లాడితే, ఆవిడ మీ ఎదురుగా వచ్చి "పిల్ల బావుందిట" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటోంది. మిగిలినదంతా ఏమైపోతోందో తెలియదు. మీకు వినికిడి పోయి మూడేళ్ళయింది. ఈ మూడేళ్ళలో మనిద్దరం సరిగ్గా ఒక్క సంగతి కూడా మాట్లాడుకోలేదని మొన్ననే తట్టింది. అందుకే కాగితం పట్టుకున్నాను. పదో తరగతి పరీక్షల తర్వాత ఇంత పొడుగ్గా రాయడం ఇదే.

ఫిబ్రవరిలో చెరువులో వలలేసి చేపలు పట్టే పట్టుబడి ఉండి నేను రాలేకపోతే, మీరే అత్తయ్యని వెంటబెట్టుకుని తణుకు షోరూమ్‌కి వెళ్ళి మీ పేరు మీద పికప్ బుక్ చేశారు. బిల్లు రాసేటప్పుడు పేరు నాకు మారుస్తామన్నారట. ఆ సేల్స్ అబ్బాయి సురేష్‌బాబు నిన్న ఫోన్ చేశాడు. "ఉగాదికి మీ ఇంటి ముందు ఉంటదండి, నాదే పూచీ" అన్నాడు.

ఉగాదికి వస్తే చాలు. భీమవరంలో మూడు కాలేజీ హాస్టళ్ళకి వారానికి రెండుసార్లు చేపలు వెయ్యడానికి మాట్లాడుకున్నాను. వాళ్ళ మెస్సులు చూసే కుక్కుటేశ్వరరావుగారు ఒకటే షరతు పెట్టారు: "జూన్ పదహారుకి సొంత బండి ఉండాలమ్మా, అద్దె బండి కబుర్లు నాకు చెప్పొద్దు." ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. మనం అద్దెకి తిప్పే పల్లంరాజు వ్యాను ఎప్పుడొస్తుందో పల్లంరాజుకే తెలియదు.

డ్రైవరుని పెట్టుకోమని మీ అల్లుడు ప్రవీణ్ అంటున్నాడు. నేనే నడుపుతానన్నాను. మీ దగ్గర నేర్చుకున్నది మర్చిపోలేదు.

అత్తయ్యని అడిగానని చెప్పండి.

మీ మేనకోడలు,
దుర్గ

*

తణుకు,
11 మార్చి 2025.

అమ్మడికి,

మావయ్య ఆశీస్సులు. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మీ అత్తయ్యకిచ్చాను, ఆవిడ చదివి "నేను ఒక్క ముక్కే చెబుతున్నానా?" అని రెండు రోజులు మొహం ముడుచుకుంది.

నువ్వు రాశావు కనుక షోరూమ్‌కి వెళ్ళొచ్చాను. అద్దాల మేడ. లోపల చలి. ఆ సురేష్‌బాబు ఫోన్ చూసుకుంటూ మాట్లాడతాడు. నాకు ఎదటి మనిషి పెదాలు కనబడితే సగం అర్థమవుతుంది, తల దించితే ఏమీ లేదు. "బాబూ, నా వైపు చూసి చెప్పు" అన్నాను. అతను చుట్టుపక్కల వాళ్ళని చూసి నవ్వాడు. నేను కుర్చీలో కూర్చున్నాను. గంట తర్వాత ఎవరో మంచినీళ్ళు ఇచ్చారు.

ముప్పై ఏళ్ళు చెరుకు లారీ తోలాను. క్యాబిన్‌లో ఇంజను మన పక్కనే, దాని మూతకి తొడ ఆనుకుని ఉండేది. సీజన్‌లో ఫ్యాక్టరీ గేటు దగ్గర వంద లారీలు వరసలో ఆగేవి. రెండు రోజులు ఆగినా ఎవరి వంతు వాళ్ళదే. వెనకవాడు ముందుకొస్తే మేమంతా దిగి అడ్డం నిలబడేవాళ్ళం. ఈ షోరూమ్‌లో ఎవరి వంతు ఎక్కడుందో చెప్పేవాడు లేడు.

బండి వచ్చాక నేను చూడకుండా తీసుకోకు. టైరు మీద తయారీ వారం, సంవత్సరం అచ్చేసి ఉంటాయి, అవి చూడాలి. ఎండలో ఎంతకాలం నిలబెట్టారో దాన్నిబట్టి తెలుస్తుంది.

బండి నువ్వే నడుపు. ప్రవీణ్‌తో నేను చెప్పానని చెప్పు.

మావయ్య,
గంగరాజు

*

గణపవరం,
7 ఏప్రిల్ 2025.

మావయ్యకి నమస్కారాలు.

ఉగాది వెళ్ళి వారం దాటింది. బండి లేదు. ముందు ఫ్యాక్టరీ నుంచి బయల్దేరిందన్నారు. తర్వాత దారిలో ఉందన్నారు. తర్వాత "యార్డులో ఉందండి, కాగితాలు రావాలి" అన్నారు. నేను తణుకు వచ్చి ఆ యార్డు చూపించమంటే, సురేష్‌బాబు ఉద్యోగం మానేశాడని చెప్పారు. ఇప్పుడు హర్షిత అనే అమ్మాయి చూస్తోంది. మంచి పిల్లలాగే ఉంది గానీ, ప్రతి మాటకీ లోపలికి వెళ్ళి మేనేజరు రమేష్ బాబుగారిని అడిగి వస్తుంది.

ఆయనే బయటికి వచ్చాడు చివరికి. "మేడం, పై మోడల్ తీసుకోండి, వారంలో ఇచ్చేస్తాం. పాటలూ కెమెరా అన్నీ ఉంటాయి."

"చేపలకి పాటలెందుకండి?" అన్నాను.

"మీరు బుక్ చేసిన మోడల్‌కి డిమాండ్ ఎక్కువండి. వెయిట్ చెయ్యాలి మరి."

"ఎన్నాళ్ళు?"

"చెప్తామండి."

ఇంకో సంగతి. మీరు మళ్ళీ రెండుసార్లు వెళ్ళారట కదా. "మీ మావయ్యగారికి ఎంత చెప్పినా అర్థం కావట్లేదండి, కస్టమర్లు చూస్తున్నారు" అని నాతో అన్నారు. నాకు తల తీసేసినట్టయింది. ఇక మీరు అక్కడికి వెళ్ళకండి మావయ్యా. మీకు వినపడదు, వాళ్ళకి ఓపిక లేదు. నేను చూసుకుంటాను.

శుక్రవారం పల్లంరాజు వ్యాను అత్తిలి దగ్గర ఆగిపోయింది. నాలుగు గంటలు ఎండలో. ఐసంతా నీళ్ళయిపోయింది. బొచ్చె చేపలు, శీలావతులు కలిపి ఒక్క క్రేటు కూడా మిగల్లేదు. రోడ్డు పక్కన గొయ్యి తీయించి పూడ్పించాను. అందరి ముందూ ఏడవకూడదనుకున్నాను గానీ ఏడుపొచ్చేసింది. ఈ బండీ వద్దు, ఈ వ్యాపారమూ వద్దు. మీరు చేసిన ఆ బుకింగ్ రద్దు చేసేసుకుంటే పీడ విరగడవుతుంది.

ఉంటాను.

దుర్గ

*

తణుకు,
14 ఏప్రిల్ 2025.

అమ్మడికి ఆశీస్సులు.

ఉత్తరం అందింది. నా వల్ల నీకు నలుగురిలో తలవంపులు వచ్చినందుకు బాధగా ఉంది. చెవిటివాడు వెళ్ళవలసిన చోటు కాదని నాకే తెలియాలి.

నువ్వు రాసినట్టే చేస్తాను. ఇక ఆ విషయం గురించి బెంగ పెట్టుకోకు.

ఇక్కడ ఎండలు ముదిరాయి. మీ అత్తయ్య ఆవకాయకి కాయలు చూస్తోంది.

గంగరాజు

*

గణపవరం,
26 ఏప్రిల్ 2025.

మావయ్యా!

నమస్కారాలు తర్వాత, ముందు కబురు వినండి. బండి వచ్చేసింది! నిన్న హర్షిత ఫోన్ చేసింది. మన బుకింగ్‌కి ఛాసిస్ నంబరు కూడా ఇచ్చారట. మే రెండో తారీఖు శుక్రవారం డెలివరీ. బ్యాంకులో లోన్ కాగితాల మీద సంతకాలు పెట్టేశాను.

మీ ఉత్తరం చదివాక నా ఉత్తరంలో ఏం రాశానో గుర్తు చేసుకుని సిగ్గుపడ్డాను. "వెళ్ళకండి" అన్నది మీరంటే నాకు నామోషీ అయి కాదు. వాళ్ళు మిమ్మల్ని చూసి నవ్వుతుంటే ఓర్చుకోలేక అన్నాను. "నువ్వు రాసినట్టే చేస్తాను" అని మీరు రాస్తే మనసు కలుక్కుమంది. ఈ ఒక్కసారికీ నా మాట వినకుండా షోరూమ్‌కి రండి. పేరు మార్చడానికి మీ సంతకం కావాలట. పదింటికి అక్కడ ఉంటాను. కొబ్బరికాయ, నిమ్మకాయలు, దండ నేనే తెస్తాను. ఉత్తరం ముందే అందుతుంది కనుక అత్తయ్యకి వేరే ఫోన్ చెయ్యడం లేదు.

దుర్గ

*

గణపవరం,
4 మే 2025.

మావయ్యకి,

శుక్రవారం తణుకు వచ్చాను. మీ ఇంటికి రాలేదు.

పదింటికి వెళ్ళి, మీ కోసం గుమ్మం దగ్గర నిలబడి చూశాను. అత్తయ్యకి ఫోన్ చేస్తే "ఆయన కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళారు, ఉత్తరమేదీ రాలేదు" అంది. ఈలోగా హర్షిత కంప్యూటరు చూసి మొహం పాలిపోయి నా దగ్గరికి వచ్చింది.

"మేడం... బుకింగ్ క్యాన్సిల్ అయినట్టు చూపిస్తోందండి."

"ఎవరు చేశారండి?"

"బుక్ చేసిన ఆయనేనండి. గంగరాజుగారు. ఇరవై ఒకటో తారీఖున అకౌంట్స్‌లో కాగితం ఇచ్చారట. అది సిస్టంలో నిన్ననే ఎక్కించారు. నాకు తెలీదండి, నిజంగా."

నాకు రావలసిన తెల్ల బండి బయట నిలబడి ఉంది. వేరే ఊరి ఆయన ఎవరో దాని ముందు కొబ్బరికాయ కొడుతున్నాడు. వాళ్ళావిడ ఫోటో తీస్తోంది. నా చేతిలో బంతిపూల దండ. దాన్ని పట్టుకునే బస్సెక్కాను.

నాతో ఒక్క మాట చెప్పకుండా ఎందుకు చేశారు? నేను "వెళ్ళకండి" అన్నానని కోపమా? కోపం ఉంటే తిట్టవలసింది. జూన్ పదహారుకి ఇంకెన్ని రోజులున్నాయో మీకు తెలియదా?

దుర్గాశ్రీ

*

తణుకు,
8 మే 2025.

అమ్మడికి,

నీ రెండు ఉత్తరాలూ, సంతోషంగా రాసిందీ కోపంగా రాసిందీ, నిన్న ఒకేసారి చేతికొచ్చాయి. సంతోషంగా రాసింది ముందు విప్పాను.

నీ ఏప్రిల్ ఉత్తరం ముందు పెట్టుకుని రాస్తున్నాను. "ఆ బుకింగ్ రద్దు చేసేసుకుంటే పీడ విరగడవుతుంది" అని ఉంది. మనిషి ఎదురుగా ఉండి అంటే, ఏడుస్తూ అన్నదో నిశ్చయించుకుని అన్నదో మొహం చూసి తెలుసుకుంటాను. కాగితం మీద అక్షరాలన్నీ ఒకేలా ఉంటాయి. నువ్వు రద్దు చెయ్యమన్నావనుకున్నాను.

ఇది కూడా చెబుతాను, దాచుకోవడం దేనికి? ఆ రోజు నేనే కాగితం రాసుకుని వెళ్ళాను. అకౌంట్స్ కుర్రవాడు చదివి, తల ఊపి, రసీదు ఇచ్చాడు. ఎవరూ నవ్వలేదు. ఎవరి సాయమూ లేకుండా ఒక ఆఫీసు పని ముగించుకుని వచ్చి మూడేళ్ళు దాటింది. దారిలో చెరుకు రసం తాగాను. నీకొక బరువు దింపాననుకున్నాను. కంటి డాక్టరు దగ్గర కూర్చున్నవాణ్ణి, అక్కడ నువ్వు గుమ్మంలో నా కోసం చూస్తున్నావని నాకేం తెలుసు?

మా వీధి దాకా వచ్చి తిట్టి వెళ్ళినా బావుండేది. నీ నోరు చూసి తిట్లు అర్థం చేసుకునేవాణ్ణి.

నిన్న సాయంత్రం బజారుకి వెళ్ళి వంద పేజీల నోటు పుస్తకం, రెండు పెన్నులు కొన్నాను. రేపటి నుంచి షోరూమ్‌కి వెళ్తాను. ఈసారి నువ్వు వద్దన్నా ఆగను. వాళ్ళు నోటితో చెప్పేది నాకు వినపడదు. కాబట్టి రాసివ్వమంటాను.

మావయ్య

*

గణపవరం,
19 మే 2025.

మావయ్యకి,

మీ ఉత్తరం ఐసు ఫ్యాక్టరీ మెట్ల మీద కూర్చుని చదివాను. ప్రవీణ్ వచ్చి ఏమైందని అడిగితే కాగితం చేతికిచ్చాను. "ఇందులో ఆయన తప్పేముంది? నువ్వు రాసిందే చేశారు" అన్నాడు. నాకూ అదే తోచింది. కోపంలో అనేసిన మాట గాల్లో కలిసిపోతుందనుకున్నాను. మీరు దాన్ని భద్రంగా దాచుకుని అమలు చేశారు.

నిన్న హర్షిత ఫోన్ చేసింది. గుసగుసగా మాట్లాడింది.

"మేడం, మీ మావయ్యగారు రోజూ తొమ్మిదిన్నరకే వచ్చేస్తున్నారండి. ఎవరేం చెప్పినా పుస్తకం ముందుకి తోస్తున్నారు. 'నాకు వినపడదు బాబూ, రాసి తారీఖు వేసి సంతకం పెట్టండి' అంటున్నారు. రమేష్ బాబుగారు ఆయన్ని చూడగానే వెనకవైపు నుంచి వెళ్ళిపోతున్నారండి."

"మిమ్మల్ని ఏమైనా అంటున్నారా ఆయన?"

"అబ్బే, నన్నేం అనరండి. నిన్న నాకు తాటిముంజెలు తెచ్చారు. కానీ మేడం, పక్కన కూర్చున్న కస్టమర్లు కూడా మాకూ రాసివ్వండి అంటున్నారు!"

నవ్వలేక చచ్చాను. ఎండ జాగ్రత్త. గొడుగు పట్టుకెళ్ళండి. కుక్కుటేశ్వరరావుగారితో ఇంకా ఏమీ చెప్పలేదు. చెప్పే ధైర్యం లేదు.

దుర్గ

*

తణుకు,
2 జూన్ 2025.

అమ్మడికి ఆశీస్సులు.

పుస్తకం సగం నిండింది. కొన్ని ముక్కలు నీ కోసం ఎత్తి రాస్తున్నాను.

నేను: రద్దు చేసిన బుకింగ్‌ని పాత వరసలోనే నిలబెట్టండి. ఉగాదికి ఇస్తామన్నది ఇవ్వకపోబట్టే కదా రద్దు చేసింది.
రమేష్ బాబు: ఉగాది అని కంపెనీ చెప్పలేదు సార్.
నేను: మీ సురేష్‌బాబు చెప్పాడు. చెప్పలేదని సంతకం పెట్టండి.
(సంతకం పెట్టలేదు.)

ఇంకో రోజు:
రమేష్ బాబు: రెండు వారాల్లో ట్రై చేస్తాం.
నేను: ట్రై అంటే ఏ తారీఖు?
(టీ తెప్పించాడు.)

మొన్న మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు హర్షిత పుస్తకం అందుకుని గబగబా రాసింది. "తాతగారూ, ఇన్సూరెన్సూ ఫిట్టింగులూ ఇక్కడే తీసుకునేవాళ్ళకి ముందు ఇస్తున్నారండి. మీ తర్వాత బుక్ చేసినవాళ్ళకి ఏడు బళ్ళు వెళ్ళాయి. నేను రాశానని తెలిస్తే నా ఉద్యోగం పోతుంది." అది చదివి చాలాసేపు ఆలోచించాను. ఆ పేజీ పై ఆఫీసుకి పంపితే మన పని ఒక్క రోజులో అయిపోతుంది. కానీ ఆ అక్షరాలు ఎవరివో అక్కడ అందరికీ తెలుసు. ఆ అమ్మాయి చూస్తుండగానే పేజీ చింపి నాలుగు ముక్కలు చేసి ఆమె చేతిలో పెట్టాను.

తర్వాత మేనేజరు గదిలోకి వెళ్ళి ఒకే ఒక్క ప్రశ్న రాశాను. "నేను బుక్ చేసిన ఫిబ్రవరి పదిహేను తర్వాత బుక్ చేసినవాళ్ళకి మీరు ఎన్ని బళ్ళు ఇచ్చారు? అంకె వేసి సంతకం పెట్టండి." అతను పెన్ను తీసుకున్నాడు. పెట్టాడు. మళ్ళీ తీసుకున్నాడు. గడియారం చూశాడు. నాకు తొందర లేదు కదా, అలాగే కూర్చున్నాను. చివరికి అంకె వెయ్యలేదు గానీ ఇది రాశాడు: "గంగరాజుగారి బుకింగ్ పాత వరసలోనే పునరుద్ధరించడమైనది. డెలివరీ 12 జూన్." సంతకం, షోరూమ్ ముద్ర.

నిజం చెప్పాలంటే అతని మీద జాలి కూడా వేసింది. పైవాళ్ళు అతన్ని ఎంత తొక్కుతున్నారో!

కుక్కుటేశ్వరరావుగారికి దాచకు. ఉన్నది ఉన్నట్టు చెప్పు.

మావయ్య

*

తణుకు,
24 జూన్ 2025.

అమ్మడికి,

బండి బాగా నడుస్తోందని మీ అత్తయ్య చెప్పింది. పన్నెండు అన్నది పదిహేడు అయింది, ఆ అయిదు రోజులూ రమేష్ బాబుతో రోజుకో సంజాయిషీ రాయించాను. పదహారున పల్లంరాజు వ్యానుతో వెయ్యవలసి వచ్చినందుకు ఒక హాస్టల్ వేరేవాళ్ళకి పోయిందట. రెండు నిలిచాయి. కుక్కుటేశ్వరరావుగారు నిన్ను తిట్టకుండా "ముందే చెప్పావు, అది చాలు" అన్నారని విన్నాను. మంచి మనిషి.

అసలు సంగతికి వస్తాను. డెలివరీ రోజున షోరూమ్ నుంచి మీ ఊరి దాకా నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళావు. గేర్లు మారుస్తుంటే చూశాను. లోపం లేదు. అయితే దారి పొడుగునా నువ్వు మాట్లాడుతూనే ఉన్నావు. రోడ్డు మీద నుంచి చూపు తిప్పలేదు, అది సరైన పనే. కానీ నాకు నీ బుగ్గ కదలడం ఒక్కటే కనిపించింది. ఒక చోట కళ్ళు తుడుచుకున్నావు. ఇంకో చోట నవ్వావు. అత్తిలి దాటాక ఏదో అడిగినట్టున్నావు, నా కోసం ఆగావు. బండి నడుపుతున్న మనిషిని నా వైపు తిరగమనడం ఇష్టం లేక తల ఊపేశాను.

నేను దేనికి తల ఊపానో తెలియక వారం రోజులుగా నిద్ర పట్టడం లేదు. ఆ రోజు ఏం చెప్పావో రాసి పంపు.

మావయ్య

*

గణపవరం,
28 జూన్ 2025.

మావయ్యకి నమస్కారాలు.

మీకేమీ వినపడదని తెలిసే మాట్లాడాను. మీ మొహం చూస్తూ అయితే ఒక్క మాటా పైకి వచ్చేది కాదు.

తణుకు దాటేదాకా మే రెండో తారీఖు గురించి చెప్పాను. ఆ రోజు దండ పట్టుకుని మీ వీధి మలుపు దాకా వచ్చాను మావయ్యా. మీ ఇంటి గుమ్మం కనిపించింది. అత్తయ్య వడియాలు ఎండబెడుతోంది. రెండు నిమిషాలు నిలబడి వెనక్కి వెళ్ళిపోయాను. లోపలికి వస్తే అనకూడని మాట అంటానని భయం. చిన్నప్పుడు నాన్న పోయినప్పటి నుంచి నాకేం కావాలన్నా మీ గుమ్మమే తొక్కాను. ఆ గుమ్మం చూసి వెనక్కి తిరగడం అదే మొదటిసారి. కళ్ళు తుడుచుకున్నది అక్కడే.

నవ్వింది హర్షిత మాటకి. తాళాలిస్తూ నాతో మెల్లిగా అంది, "మీ మావయ్యగారు రేపట్నుంచి రారంటే ఏదోలా ఉందండి" అని.

అత్తిలి దాటాక అడిగింది ఇది. చెరువు దగ్గర పట్టుబడి అంటే ఒకటే గోల. వలవాళ్ళు, ఐసువాళ్ళు, రైతులు, అందరూ ఒకేసారి అరుస్తారు. నేను బండిలో క్రేట్లు సర్దుతుంటే కాటా దగ్గర చూసేవాళ్ళు లేరు. పది మంది పది మాటలు చెప్పి కళ్ళు కప్పుతున్నారు. మాటలకి లొంగని మనిషి ఒకరు కాటా ముందు కూర్చుంటే నాకు ఇంక దిగులుండదు. బుధవారం, ఆదివారం. ముందు రోజు సాయంత్రం వచ్చి మా ఇంట్లో పడుకుని, మర్నాడు మధ్యాహ్నానికి వెళ్ళిపోవచ్చు. "వస్తారా మావయ్యా?" అని అడిగాను. మీరు రెండుసార్లు తల ఊపారు. నిజమేననుకుని ప్రవీణ్‌తో మీ కోసం మడత మంచం కూడా తెప్పించాను.

తెలియక ఒప్పుకున్నదానికి మిమ్మల్ని కట్టిపడెయ్యను. మీ వయసూ, మీ ఓపికా మీకే తెలుసు. జూలై ఎనిమిది, మంగళవారం సాయంత్రం అయిదున్నర బస్సుకి స్టాండు దగ్గర బండి పెట్టుకుని ఉంటాను. మీరు దిగకపోతే ఏమీ అనుకోను, మర్నాడు మామూలుగానే చెరువుకి వెళ్తాను.

దిగితే మాత్రం, ఇంటికి వెళ్ళేదాకా బండి మీరు నడపండి. నేను పక్కన కూర్చుని, మీరు బండి ఆపిన చోటల్లా మీ వైపు తిరిగి మాట్లాడతాను.

మీ
దుర్గ